విజయనగరం గంటస్తంభం దగ్గర మేడ మీద గదిలో చిన్న ధ్యాన కేంద్రం: శబ్దం, గాలి, కూర్చునే ఏర్పాటు ఎలా?

మేడమీదగది:
అందరికీ నమస్కారం. గంటస్తంభానికి దగ్గర్లో బజారు వీధిలో మాకు మేడ ఉంది. కింద షాపులు, మధ్య అంతస్తులో కాపురం. పై అంతస్తులో 20 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గది ఖాళీగా ఉంది. దాని మీద డాబా స్లాబు. వీధివైపు గోడ 20 అడుగులు, అందులో 4×4 అడుగుల అల్యూమినియం స్లైడింగ్ కిటికీ ఒకటి. వెనక పెరటివైపు చిన్న కిటికీ, పక్కన మెట్లవైపు మామూలు ఫ్లష్ డోర్. గోడలన్నీ 9 అంగుళాల ఇటుకవి.

రోజూ పొద్దున్న ఒక గంట, నెలకి రెండు ఆదివారాలు పగలంతా మౌన ధ్యానం పెట్టాలని అనుకుంటున్నాం. ఎక్కువలో ఎక్కువ 12 మంది. రాత్రి బస ఉండదు. పొద్దున్న 9 దాటితే ఆటోలు, హారన్లు, ప్రచార బళ్ల మైకులు మొదలవుతాయి. గోడలకి గుడ్ల అట్టల్లాంటి ఫోమ్ షీట్లు అంటిస్తే శబ్దం రాదని ఒకరు చెప్పారు. గదికంతకీ ఏసీ పెట్టి కిటికీలు మూసెయ్యమని ఇంకొకరు. డాబా మీద రేకులతో పిరమిడ్ కట్టెయ్యమని మరొకరు. ఖర్చు ఒక్కసారే పెట్టగలం. తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

తోటపాలెం సివిల్:
మాస్టారూ, ముందు ఆ ఫోమ్ షీట్ల మాట వదిలెయ్యండి. గదిలో పుట్టిన శబ్దం గోడకి తగిలి తిరిగి రాకుండా అవి కొంత పీల్చుకుంటాయి, అంతవరకే వాటి పని. వీధిలోంచి వచ్చే శబ్దాన్ని ఆపేవి రెండే: బరువు, బిగుతు. ఫోమ్‌కి ఆ రెండూ లేవు. పైగా మామూలు ఫోమ్ అంటుకుంటే విషపు పొగ వస్తుంది. 12 మంది కళ్లు మూసుకుని కూర్చునే గదిలో గోడలనిండా అలాంటి సరుకు ఉండకూడదు.

మీ 9 అంగుళాల గోడకి రెండువైపులా పూత ఉంటే అది దాదాపు 50 డెసిబెల్స్ (శబ్దానికి కొలత) ఆపుతుంది. గోడ మీద ఒక్క రూపాయి కూడా పెట్టక్కర్లేదు. నష్టమంతా కిటికీ దగ్గర జరుగుతోంది. స్లైడింగ్ కిటికీకి రెక్కల మధ్యా, కింద పట్టాలోనూ సందులు ఉండక తప్పదు. అది 22 డెసిబెల్స్ ఆపితే గొప్ప. 200 చదరపు అడుగుల గోడలో ఆ కిటికీ 16 చదరపు అడుగులే అయినా, రెండూ కలిపి లెక్కవేస్తే గోడ మొత్తం పనితనం 33కి పడిపోతుంది. వీధిలో 75 ఉంటే లోపల 42 వినిపిస్తుంది. అదీ గదిలో పరుపులూ తెరలూ ఉంటేనే. ఉత్త గచ్చు, ఉత్త గోడలైతే ప్రతిధ్వని వల్ల ఇంకో 7 దాకా కలుస్తుంది. ధ్యానానికి లోపల 30-35 మధ్య ఉంటే చాలు, అంతకంటే తక్కువ కోసం పాకులాడనక్కర్లేదు.

సందు ఎంత చేటో ఒక లెక్కలో చెప్తాను. గోడ వైశాల్యంలో నూటికి ఒక వంతు ఖాళీగా ఉంటే, ఆ గోడ కోటగోడంత మందంగా ఉన్నా 20 డెసిబెల్స్ దాటి ఆపలేదు. అందుకని మొదటి పని సందులు వెతకడం. రాత్రి గదిలో దీపాలు ఆర్పి, బయట ఒకరు టార్చి వేసి కిటికీ చుట్టూ, తలుపు చుట్టూ, కరెంటు పైపులు గోడలోకి దూరిన చోట తిప్పాలి. లోపల వెలుగు కనబడిన ప్రతిచోటా శబ్దం వస్తున్నట్టే. పాత ఇళ్లలో కిటికీ పైన జాలీ వెంటిలేటర్ వదిలేస్తారు. అది ఉంటే మిగతా పనంతా దండగ, ముందు దాన్ని ఇటుకతో మూయించండి.

ఇప్పుడు కిటికీ సంగతి. వెలుతురుకి పెరటి కిటికీ చాలనుకుంటే, వీధి కిటికీని 9 అంగుళాల ఇటుకతో కట్టించేయడం అన్నిటికంటే మంచి పని, చవకైన పని. పాత ఇటుకల అంచులు పళ్లు పళ్లుగా కొట్టించి కొత్త కట్టుబడిని అందులోకి దూర్చాలి. వారం రోజులు నీళ్లు పట్టాక పూత వెయ్యాలి. తొందరపడి పూసేస్తే కొత్త పాత కలిసే చోట గీతలా పగులుతుంది, ఆ పగులులోంచి మళ్లీ శబ్దం వస్తుంది.

కిటికీ ఉంచుకోవాలంటే దాన్ని అలాగే వదిలి, గోడ లోపలి అంచున రెండో కిటికీ పెట్టించండి. రెండు అద్దాల మధ్య ఖాళీ 100 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. 9 అంగుళాల గోడలో అది సులువుగా కుదురుతుంది. షోరూముల్లో అమ్మే రెడీమేడ్ జోడు అద్దాల్లో ఖాళీ 12 మిల్లీమీటర్లు మాత్రమే. అవి వేడికి పనికొస్తాయి గానీ, 200 హెర్ట్జ్ దగ్గర, అంటే బొంగురు శబ్దాల దగ్గర (హెర్ట్జ్ పెరిగేకొద్దీ శబ్దం కీచుగా ఉంటుంది), రెండు అద్దాలూ ఒకటిగా ఊగి, ఆటో దడదడని లోపలికి తెచ్చేస్తాయి. ఖాళీ 100 ఉంటే ఆ ఊగుడు 75 హెర్ట్జ్ దగ్గరికి దిగిపోతుంది.

అద్దం మందం కూడా చూసుకోవాలి. 4 మిల్లీమీటర్ల అద్దం 3000 హెర్ట్జ్ దగ్గర, 6 మిల్లీమీటర్లది 2000 దగ్గర బలహీనం. హారన్ మోత సరిగ్గా ఈ మధ్యలోనే ఉంటుంది. అందుకని లోపలి రెక్కకి లామినేటెడ్ అద్దం, అంటే మధ్యలో పల్చని పొర ఉన్నది, 6 లేదా 8 మిల్లీమీటర్లది వేయించండి. ఆ పొర అద్దం ఊగుడుని చంపేస్తుంది. లోపలి కిటికీ స్లైడింగ్ వద్దు. బందుల మీద తెరుచుకునే రెక్కే కావాలి, చుట్టూ రబ్బరు గాస్కెట్, పైనా కిందా రెండు బిగింపు గడియలు. ఒక్క గడియే పెడితే రెక్క మూల వంగి రబ్బరు అక్కడ అతుక్కోదు. బయటి కిటికీ పట్టాలో నీళ్లు పోయే చిన్న రంధ్రాలు మాత్రం మూయకండి. మన తేమకి అద్దాల మధ్య చెమ్మ పడుతుంది, ఆ చెమ్మ బయటికి పోవాలి.

తలుపు 35 మిల్లీమీటర్ల గట్టి చెక్క పలక ఉన్నది కావాలి. లోపల గుల్లగా ఉండే ఫ్లష్ డోర్ పనికిరాదు. వేలితో కొడితే డొల్ల చప్పుడు వస్తే మార్చెయ్యండి. మూడు వైపులా రబ్బరు, కింద గడప. ఈ మధ్య గడపలు మానేస్తున్నారు గానీ శబ్దానికి గడపంత మంచి ఏర్పాటు లేదు. పెద్దవాళ్లు తట్టుకోకుండా అంగుళం ఎత్తు చాలు, దానికి పసుపు రంగు వేస్తే మసకలో కూడా కనిపిస్తుంది. తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల తాళం ఉండకూడదు.

గది లోపలి మోత గురించి కూడా లెక్క ఉంది. ఉత్త గదిలో చప్పట్లు కొడితే మూడు సెకన్లు దాటి మోగుతుంది. గురువు మాట అర్థం కావాలంటే అది 0.7 సెకన్ల దగ్గరికి రావాలి. నేలంతా మందపాటి జంపఖానా, 12 మంది మనుషులు, వెనక గోడకి మడతలు మడతలుగా వేలాడే ముతక తెర 80-90 చదరపు అడుగులు. ఈ మూడూ కలిస్తే సరిపోతుంది.

గాలివెలుతురు:
పైన చెప్పిన శబ్దం పని బాగా చేశారంటే, గాలి పని చెయ్యక తప్పదు. గదిని బిగించడమంటే ఊపిరిని బిగించడమే.

లెక్క చూడండి. ఊరికే కూర్చున్న మనిషి గంటకి దాదాపు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. 12 మందికి 216 లీటర్లు. మీ గదిలో పట్టే గాలి సుమారు 79 ఘనపు మీటర్లు. మూసిన గదిలో గంట తిరిగేసరికి 420 దగ్గర మొదలైన పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎన్ని పాళ్లో ఆ లెక్క) 3000 దాటిపోతుంది. 1500 దాటేసరికే తల బరువు, ఆవలింతలు. కూర్చున్నవాళ్లు తమ మనసు నిలవడం లేదనుకుని బాధపడతారు. నిజానికి వాళ్లకి గాలి చాలడం లేదు.

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని అస్సలు తేదు. ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. చల్లగా ఉందంటే గాలి బాగున్నట్టు కాదు.

మనిషికి సెకనుకి 7.5 లీటర్ల బయటి గాలి ఇస్తే గది 1100 పీపీఎం దగ్గర నిలబడుతుంది. 12 మందికి సెకనుకి 90 లీటర్లు, ఫ్యాన్లవాళ్ల భాషలో 190 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి 190 ఘనపు అడుగులు. దీనికి 8 అంగుళాల ఇన్‌లైన్ డక్ట్ ఫ్యాన్ (గాలి గొట్టం మధ్యలో బిగించేది) పెట్టి సగం వేగంలో తిప్పండి. 6 అంగుళాలది చాలు కదా అంటారు షాపులో. చాలుతుంది, కానీ అందులో గాలి సెకనుకి 5 మీటర్లు పరిగెడుతుంది, ఆ ఈల గదిలో వినబడుతుంది. 8 అంగుళాల్లో అదే గాలి 3 మీటర్ల లోపు వేగంతో పోతుంది, చప్పుడు ఉండదు.

గాలి తీసుకునేది పెరటివైపు నుంచే. మరుగుదొడ్డి గొట్టానికీ, వంటింటి ఎగ్జాస్ట్‌కీ, జనరేటర్‌కీ కనీసం పది అడుగుల దూరం ఉండాలి. గొట్టం నేరుగా గదిలోకి తెరిస్తే అది శబ్దానికి గొట్టమే. అందుకని ఫ్యాన్‌కీ గదికీ మధ్య ఒక ప్లైవుడ్ పెట్టె కట్టించండి: 4 అడుగుల పొడవు, లోపల రెండు అంగుళాల రాక్‌వుల్ (రాతి ఉన్ని), దాని మీద ముతక గుడ్డ, గాలి రెండు మలుపులు తిరిగేలా లోపల అడ్డుపలకలు. గాలి వంగి పోతుంది, శబ్దం ఉన్నిలో ఇంకిపోతుంది. ఫ్యాన్‌ని గోడకి మేకులు కొట్టి బిగించకండి, రబ్బరు వాషర్ల మీద వేలాడదీయండి. లోపలికి వచ్చిన గాలి బయటికి పోవడానికి మెట్లవైపు అలాంటిదే ఇంకో పెట్టె కావాలి. ఇది మరిచిపోయేవాళ్లు ఎక్కువ. పోయే దారి లేకపోతే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి రాదు. జాలీకి దోమతెర వేయించి నెలకోసారి దులపండి. దుమ్ముతో మూసుకుపోతే గాలి సగానికి పడిపోతుంది.

ఏసీ పెట్టేటట్టయితే 1.5 టన్నులు చాలదు. ఉక్క రోజున ఆ బయటి గాలిని చల్లార్చి తేమ తీయడానికే దాదాపు ఒక టన్ను పోతుంది. మనుషుల వేడి ఒకటిన్నర కిలోవాట్ల దాకా, స్లాబు వేడి దాని మీద. 2 టన్నుల ఇన్వర్టర్ ఏసీ తీసుకోండి, బయటి యూనిట్‌ని ఈ గది గోడకి కాకుండా డాబా మీద రబ్బరు దిమ్మెల మీద పెట్టించండి.

స్లాబు మధ్యాహ్నం తాగిన వేడిని సాయంత్రం లోపలికి దించుతుంది. డాబాకి సున్నంలో తెల్ల సిమెంటు, కొంచెం ఫెవికాల్ కలిపి రెండు కోట్లు వేయించండి. వానలకి పోతుంది, ఏటా ఫాల్గుణంలో మళ్లీ వేసుకోవాలి. ఏసీ కొనకముందు చెయ్యాల్సిన పని ఇది.

సీలింగ్ ఫ్యాన్లు బీఎల్‌డీసీ రకం (తక్కువ కరెంటు తినే మోటారు ఉన్నవి), 30 వాట్ల లోపువి. మామూలు ఫ్యాన్‌కి ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ పెడితే తక్కువ వేగంలో రొద పెడుతుంది. ఇన్వర్టర్ కచ్చితంగా సైన్ వేవ్‌దే కొనండి. స్క్వేర్ వేవ్ అయితే కరెంటు పోగానే ఫ్యాన్లు గుర్రుమంటాయి, ఆ మార్పుకే అందరి కళ్లూ తెరుచుకుంటాయి. 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటి ఉంటే ఫ్యాన్లు, దీపాలు, గాలి ఫ్యాన్ కలిపి 200 వాట్లకి ఐదు గంటలు లాగుతుంది.

దీపాలు 2700 కెల్విన్ పసుపు వెలుగువి, గోడ మీద పడి తిరిగి వచ్చేలా పెట్టాలి. కొనేటప్పుడు ఫోన్ కెమెరాలో చూడండి, తెర మీద చారలు కదిలితే ఆ దీపం వణుకుతున్నట్టు లెక్క, వద్దు. ఇంకొకటి, మూసిన గదిలో అగరొత్తులు, సాంబ్రాణి, నూనె దీపం పెట్టకండి. ఆ పొగ అంత గాలినీ పాడుచేస్తుంది.

ఆనాపాన శ్రీకాకుళం:
గోడలూ ఫ్యాన్లూ బాగా చెప్పారు. నాది ఒక్క భేదాభిప్రాయం. 2 టన్నుల ఏసీ దాకా పోయేముందు కాలపట్టిక మీద మనసు పెట్టండి. ఊరు ఎప్పుడు నిద్రపోతుందో ఆ వేళ వాడుకోవడం అన్నిటికంటే చవకైన నిశ్శబ్దం. రోజువారీ గంట 5:15 నుంచి 6:15 దాకా పెట్టుకుంటే పెరటి కిటికీ తెరిచి, ఫ్యాన్ వేసుకుని కూర్చోవచ్చు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఏసీ అక్కర్లేదు. లౌడ్‌స్పీకర్లకి రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా నిషేధం ఉంది, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో. నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి కూడా వాటిలోదే.

ఆదివారం కార్యక్రమం కూడా బరువంతా ముందు సగంలో వెయ్యండి. 5:30కి మొదలు. ధ్యానం 40 నిమిషాలు, నడక 25 నిమిషాలు, మళ్లీ ధ్యానం. కొత్తవాళ్లకి 30 నిమిషాలతో మొదలుపెట్టి, మూడో విడత నుంచి 40 చేయండి. మొదటిరోజే గంట కూర్చోబెడితే మోకాళ్ల నొప్పే గుర్తుంటుంది, శ్వాస గుర్తుండదు. 8కి అంబలి, 9 నుంచి 11 దాకా రెండు విడతలు, 11:15కి భోజనం, 1 గంట దాకా విశ్రాంతి. భోజనం తర్వాత మొదటి విడత ఎప్పుడూ నడకే ఉండాలి, కూర్చోబెడితే నిద్రపోతారు. 3:30కి ముగించేయండి. సాయంత్రం 6 దాటాక బజారుతో పోటీ పడొద్దు.

నడకకి 20-25 అడుగుల తిన్నని దారి కావాలి. మీ డాబా సరిపోతుంది, కానీ 9 దాటితే అరికాళ్లు కాలతాయి. మధ్యాహ్నం నడక మెట్ల దగ్గర వరండాలోనో, గదిలోనే వెనక భాగంలోనో. ఒక్కొక్కరికి దారి కేటాయించండి, ఎదురెదురు వస్తే చూపులు కలిసి మౌనం చెదురుతుంది.

తేదీలు వేసేముందు పంచాంగం చూడండి. విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఆ వారమంతా మీ వీధిలో ధ్యాన శిబిరం కుదరని మాట. చవితి పందిళ్ల రోజులు, మాఘ వైశాఖాల పెళ్లి ముహూర్తాలు కూడా వదిలెయ్యండి. దగ్గరలో కల్యాణ మండపం ఉంటే వాళ్ల బుకింగ్ పుస్తకం నెలకోసారి అడిగి చూసుకోవడం మంచిది.

మొదలుకీ ముగింపుకీ గంట బూడితి కంచుది తెచ్చుకోండి, ఆ ఊరు మా శ్రీకాకుళం జిల్లాదే. అరచేతి వెడల్పున్న చిన్నది చాలు. మూడుసార్లు, ఒక్కో మోత పూర్తిగా అణిగాక రెండోది. ఫోన్ అలారం వద్దు, ఆ స్వరం వినగానే ఎవరి ఫోనో అని అందరూ తడుముకుంటారు. ఫోన్లు ఆపి, పేరు చీటీ అంటించి పెట్టెలో పెట్టించండి. ఇంట్లోవాళ్లకి మాత్రం నిర్వాహకుల నంబరు ముందే ఇచ్చి ఉంచాలి, లేకపోతే ఎవరికీ మనసు కుదురుగా ఉండదు.

అన్నిటికంటే ముఖ్యమైనది, పేరు నమోదు చేసేటప్పుడు అడగాల్సినవి. బీపీ, గుండె జబ్బు, మూర్ఛ, గర్భం, ఈమధ్య ఆపరేషన్, నడుం నొప్పి. అలాగే నిద్రపట్టని జబ్బు, దిగులు, భయాలు, మతిభ్రమ లాంటి వాటికి మందులు వాడుతున్నారా అన్నది. ఆ మందులు ఎవరూ ఆపకూడదని నోటితో చెప్పండి, కాగితం మీద రాయండి. తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లని పగలంతా మౌనంలో కూర్చోబెట్టకండి. వాళ్ల డాక్టరు సరేనంటే రోజువారీ గంటకి రావచ్చు. భస్త్రిక, కపాలభాతి లాంటి వేగమైన శ్వాసలు ఈ శిబిరంలో పెట్టొద్దు, సహజంగా వచ్చిపోయే శ్వాసని చూడడం చాలు.

మధ్యలో ఎవరికైనా గుండె దడ, ఏడుపు, భయం వస్తే ఇంకా లోతుగా చూడమని చెప్పకూడదు. కళ్లు తెరిపించండి, అరికాళ్లు నేలకి ఆనించమనండి, చుట్టూ కనబడే వస్తువుల పేర్లు చెప్పించండి, బయటికి తీసుకెళ్లి నడిపించండి, మంచినీళ్లు ఇవ్వండి. ఆ రోజుకి ధ్యానం ఆపెయ్యడమే మంచిది. అందుకని గురువు కాకుండా రెండో మనిషి ఎప్పుడూ తలుపు దగ్గర ఉండాలి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 గోడ మీద రాసి ఉంచండి, రాత్రీ పగలూ పలుకుతుంది.

నాగావళి ఒడ్డు:
కూర్చునేవాటి గురించీ వంట గురించీ ఎవరూ చెప్పలేదు కాబట్టి అది నేను రాస్తానండి.

గది 20×14 కదా. గురువు కూర్చునేది 14 అడుగుల గోడ దగ్గర, ముందు 5 అడుగులు వదలండి. వరసకి నలుగురు, మూడు వరసలు. మనిషికి 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు. అలా 12 అడుగులు వరసలకి పోతే, వెనక 3 అడుగులు కుర్చీలకీ నిలబడడానికీ మిగులుతుంది. వెడల్పులో 12 పోగా 2 అడుగులు తలుపువైపు నడవ. ఇంతకంటే ఒక్కరిని కూడా ఇరికించకండి, మోకాలు మోకాలు తగిలితే ఇద్దరి ధ్యానమూ పోయినట్టే.

కింద 30 అంగుళాల చదరపు పరుపు, రెండంగుళాల మందం, మామూలు దూదితో. దాని మీద గుండ్రటి దిండు, 13-14 అంగుళాల వెడల్పు, 5-6 అంగుళాల ఎత్తు. దిండుకి మాత్రం బూరుగు దూదే కావాలండి. ప్రత్తి దూది నెల రోజుల్లో అణిగి రాయిలా అవుతుంది, స్పాంజి అయితే కూర్చున్నాక కూరుకుపోయి నడుం వంగుతుంది. బూరుగు దూది దిండుకి కిలో పైనే పడుతుంది, బాగా దట్టించి కూరాలి. ఏటంటే, కూర్చున్నప్పుడు తుంటి మోకాళ్ల కంటే ఎత్తులో ఉండాలి, మోకాళ్లు రెండూ పరుపుకి ఆనాలి. ఆనకపోతే దిండు ఎత్తు చాలలేదన్నమాట. అందుకని పక్కన జిప్పు పెట్టి కుట్టించండి, మనిషిని బట్టి దూది తీయొచ్చు, వెయ్యొచ్చు.

గలేబులకి ముతక ఖద్దరు, ముదురు రంగు. పొందూరు సన్న ఖద్దరు దీనికి వాడకండి, అంత నేర్పుతో నేసిన బట్ట రాపిడికి చిరిగిపోతే ప్రాణం ఉసూరుమంటుంది. చేతులు లేని కుర్చీలు మూడు, 17 అంగుళాల ఎత్తువి, కాళ్లకి రబ్బరు బూట్లు తొడిగి. కుర్చీ అడిగినవాళ్లు తక్కువ అన్న భావన రాకుండా అవి ముందే వేసి ఉంచాలి.

మన దగ్గర తేమ ఎక్కువ. వానాకాలంలో పరుపులు పేర్చి మూల పెడితే పది రోజుల్లో బూజు వాసన వస్తుంది. ఎండ వచ్చిన రోజు డాబా మీద వేసి, గోడకి ఆరంగుళాల ఎడంగా చెక్క బల్ల మీద నిలబెట్టి పెట్టండి. కలరా ఉండలు వద్దు, ఆ ఘాటు మూసిన గదిలో తలనొప్పి తెస్తుంది. ఎండిన వేపాకు గుడ్డసంచుల్లో వేస్తే చాలు.

వంటకి వస్తే, మొదటి శత్రువు కుక్కర్ విజిల్. కందిపప్పు గంటసేపు నానబెట్టి మామూలు గిన్నెలో ఉడికించండి. మిక్సీ పనులన్నీ శనివారం సాయంత్రమే అయిపోవాలి. 12 మందికి చోడి (రాగి) అంబలి అయితే 400 గ్రాముల చోడిపిండికి 4 లీటర్ల నీళ్లు, ముందురాత్రే పిండి కలిపి పులియనిచ్చి, పొద్దున్న కాచి, గోరువెచ్చగా అయ్యాక మజ్జిగ కలపాలి. భోజనానికి బియ్యం కిలోన్నర లోపు, పప్పు 600 గ్రాములు, ఒక కూర, మజ్జిగ. వేపుళ్లు వద్దు, తాలింపు ఘాటు పైకి ఎక్కుతుంది. వడ్డనకి అడ్డాకు విస్తర్లు తెప్పించండి. స్టీలు కంచాల చప్పుడూ ఉండదు, తోముకునే పనీ ఉండదు.

నీళ్ల ట్యాంకు ఈ గది నెత్తిన ఉంటే మోటారు శనివారం రాత్రే వేసేయండి. ట్యాంకులో నీళ్లు పడే చప్పుడు స్లాబులోంచి దిగుతుంది. కారే కుళాయిలు కూడా ముందురోజే చూసుకోవాలి.

మేడమీదగది:
అందరికీ ధన్యవాదాలు. ట్యాంకు నిజంగానే గది పైనే ఉంది. మూడు సందేహాలు. పిరమిడ్ సంగతి ఎవరూ చెప్పలేదు, మా దగ్గర కొందరికి దాని మీద బాగా నమ్మకం. శబ్దాన్ని కప్పడానికి గదిలో చిన్న నీటి ఫౌంటెన్ పెట్టొచ్చా? పనులు ఏ వరసలో చేయించాలి?

తోటపాలెం సివిల్:
నమ్మకం సంగతి మీ ఇష్టం, నేను కట్టుబడి గురించే చెప్తాను. రేకుల కింద వాన పడితే మాట వినబడదు, ఎండలో కూర్చోలేం. ఏటవాలు నాలుగు వైపులా రేకులు గాలికి ఎదురు నిలబడతాయి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫానులు వచ్చినప్పుడు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో రేకుల కప్పులు ఏమయ్యాయో అందరికీ తెలుసు. సిమెంటుతో కడదామంటే పాత స్లాబు ఆ బరువు మోస్తుందో లేదో ఇంజనీరు చూడాలి, కార్పొరేషన్ అనుమతి కావాలి. అంతగా కావాలంటే ఈ గదిలోనే సన్న చెక్కలతో చట్రం ఒకటి వేలాడదీయండి. ఈజిప్టు గిజా పిరమిడ్ వాలులో అయితే 14 అడుగుల అడుగుకి 9 అడుగుల ఎత్తు వస్తుంది. మీ గదిలో అంత కుదరదు కాబట్టి 8 అడుగుల అడుగు, 5 అడుగుల ఎత్తు చేయించి, ఫ్యాన్లకి తగలకుండా గురువు కూర్చునే వైపు వేలాడదీసుకోవచ్చు.

ఫౌంటెన్ వద్దు. నీటి చప్పుడు హారన్‌ని కప్పాలంటే హారన్ అంత గట్టిగా ఉండాలి. పైగా నిలవ నీరు, దోమలు. గాలి ఫ్యాన్ తాలూకు సన్నని ఒకే తీరు హోరు ఉంటుంది కదా, ఆ పని అదే చేస్తుంది.

వరస: ముందు కొలత. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్‌తో ఉదయం 5కి, 9కి, మధ్యాహ్నం 1కి, సాయంత్రం 7కి, కిటికీ బయటా లోపలా 15 నిమిషాల సగటు రాసుకోండి. ఫోన్ కచ్చితంగా ఉండదు, కానీ బయటికీ లోపలికీ తేడా తెలుస్తుంది, పని అయ్యాక మళ్లీ పోల్చుకోవచ్చు. తర్వాత గోడలకి పడే కన్నాలన్నీ ఒకేసారి: గాలి గొట్టం, ఏసీ పైపు, కరెంటు. వాటి చుట్టూ సిమెంటుతో కూరి, అంచుకి సీలెంట్ పట్టించాలి. ఆ తర్వాత కిటికీ, తలుపు, పూత. రంగు ఆరాకే జంపఖానా, తెరలు. రంగు వాసన పోవడానికి రెండు వారాలు గాలి ఫ్యాన్ వేసి ఉంచండి.

గాలివెలుతురు:
ఏసీ గురించి ఆనాపాన గారు చెప్పినదానికి ఒప్పుకుంటాను, రోజువారీ గంట వరకు. ఆదివారం 9 నుంచి 3:30 దాకా చైత్రం నుంచి భాద్రపదం వరకు మన ఉక్కలో కిటికీ తెరవాలంటే శబ్దం, మూస్తే చెమట. అందుకని ఇప్పుడే ఏసీకి పైపు, కరెంటు తీగ, నీళ్లు పోయే గొట్టం వేయించి ఉంచండి. యూనిట్ తర్వాత కొన్నా గోడ మళ్లీ బద్దలు కొట్టక్కర్లేదు. మొదటి ఏడాది ఆదివారాలు కార్తీకం నుంచి ఫాల్గుణం దాకానే పెట్టుకుంటే అది లేకుండానే గడిచిపోతుంది.

అంతా అయ్యాక ఒక పరీక్ష చెయ్యండి. ఎన్‌డీఐఆర్ సెన్సార్ (పరారుణ కాంతితో కొలిచేది) ఉన్న కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒకటి కొని, దాన్ని ముందు ఆరుబయట అరగంట పెట్టి 420 దగ్గర చూపిస్తోందో లేదో చూసుకోండి. తర్వాత 12 మందిని గంటసేపు తలుపులు మూసి కూర్చోబెట్టి, మీటరు మధ్య వరసలో నేల నుంచి రెండడుగుల ఎత్తులో ఉంచండి. మనిషి ముఖానికి మూడడుగుల లోపు పెడితే ఊపిరి తగిలి తప్పు చూపిస్తుంది. 1200 దాటితే ఫ్యాన్ వేగం ఒక మెట్టు పెంచండి. పెంచినా దిగకపోతే మెట్లవైపు గాలి పోయే పెట్టె ఇరుకైందన్నమాట. దాని నోరు కనీసం 12×8 అంగుళాలు ఉండాలి.